మూడు నెలల బిడ్డ ఎదలో నీడ

పోయిన ఆదివారం ఫోన్లో అడిగావు చూడు తల్లీ, "అవ్వా, నీ ఉద్యోగంలో ఎప్పుడన్నా పెద్ద తప్పు చేసినావా?" అని. "లేదమ్మా, చేయలేదు" అని టక్కున చెప్పేశాను. పక్కనుంచి నీ తమ్ముడు "అవ్వ చేసినా ఒప్పుకుంటాదా!" అని నవ్వడం కూడా వినబడింది. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సహించలేదు. నువ్వు పూణేలో ఎక్స్‌రే చదువులో చేరి నెల కూడా కాలేదు. మొదటి నెలలోనే నీకు అబద్ధం చెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను. ఇద్దరూ చదవండి.

కర్నూలు, కడప జిల్లాల సర్కారు ఆసుపత్రుల్లో నేను ముప్పై ఏళ్లకు పైగా ఎక్స్‌రేలు తీశానని మీకు తెలుసు. ఈ సంగతి నేను రిటైరవడానికి కొంచెం ముందు జరిగింది. ఏ ఆసుపత్రో చెప్పను, ఎవరి పేరూ రాయను. కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. మంచివాళ్లే.

నాకొక గర్వం ఉండేది. నా గదిలో పసిపిల్లలు ఏడవరని. వేరేచోట్ల పసిబిడ్డ ఛాతీ ఎక్స్‌రే అంటే ఒకరు కాళ్లు పట్టుకుని, ఒకరు చేతులు పట్టుకుని, బిడ్డ గుక్కపట్టి, తల్లి ఏడ్చి, పెద్ద రభస. నేను ఆ రభస పడనిచ్చేదాన్ని కాదు. మీ అమ్మ చిన్నప్పటి వెండి గజ్జెలు తీసుకెళ్లి ఎక్స్‌రే బల్లకు కుడిపక్కనున్న కమ్మీకి కట్టాను. బిడ్డను బల్లమీద పడుకోబెట్టగానే నా గదిలో సాయముండే ఆయమ్మ వాటిని గలగలలాడించేది. బిడ్డ అటు చూసి నోరు తెరిచి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ ఉండిపోయేది. నేను బటన్ నొక్కేదాన్ని. అంతే. పిల్లల వార్డు నర్సులు నన్ను గజ్జెల మేడమ్ అనేవాళ్లు. నాకు లోపల ఎంత సంతోషమో!

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఓర్వకల్లు అవతలి పల్లె నుంచి ఒక బిడ్డను తెచ్చారు. మూడు నెలల మగబిడ్డ. మూడు రోజులుగా జ్వరం, దగ్గు, డొక్కలు ఎగరేస్తున్నాడు. వెంట తల్లి, ఇరవై ఏళ్లుంటాయేమో. ఇంకా ఆమె అత్త, అంటే బిడ్డకు జేజి. తండ్రి బండలు పరిచే పనికి కడప వెళ్లి ఉన్నాడు.

ఆయమ్మ గజ్జెలు ఊపింది. వాడు అంత జ్వరంలోనూ అటు తిరిగి బోసినవ్వు నవ్వాడు.

"సూడు, ఆసుపత్రికొచ్చి నవ్వేది ఈడొక్కడే" అంది ఆయమ్మ.

"మా వంశమంతా అంతేలేమ్మా, కష్టమొస్తే నవ్వుతాం" అంది జేజి.

నొక్కాను. నిమిషంలో బొమ్మ కంప్యూటర్ మీదికి వచ్చింది. బిడ్డ గుండెకు పైన, కుడిపక్కకు, పడవ తెరచాపలాగా ఇంత తెల్లటి నీడ. చూడగానే నా మనసులో ఏదో తట్టింది. కానీ వరండాలో ఇంకా పదిమంది ఉన్నారు. నా పని తీయడం, చెప్పడం డాక్టర్ల పని అనుకుని వార్డుకు పంపించేశాను. తప్పులో సగం ఇక్కడే ఉంది, గుర్తుపెట్టుకో.

పిల్లల వార్డు పెద్ద డాక్టరు ఆ వారం సెలవులో ఉన్నాడు. కొత్తగా చేరిన కుర్ర డాక్టరు ఒక్కడే వార్డు చూసుకుంటున్నాడు. నెమ్మదస్తుడు, పేషెంట్లను కసురుకోడు. ఆ నీడ చూసి భయపడ్డాడు. ఛాతీలో గడ్డ ఉందేమోనని అనుమానం, హైదరాబాద్ తీసుకెళ్లాలి, అక్కడ సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తారు, అవసరమైతే ఆపరేషన్ అని చెప్పి ఉత్తరం రాసిచ్చాడు. అంబులెన్స్ మరుసటిరోజు పొద్దునకు.

పదకొండు గంటలకు ఆ తల్లి నా గది గుమ్మంలో నిలబడింది. బిడ్డ భుజం మీద నిద్రపోతున్నాడు.

"అక్కా, ఫోటో తీసింది నువ్వే గదా. గడ్డ యాడుండాదో నాకు సూపీ."

"డాక్టరు చెప్పలేదా అమ్మా?"

"శానాసేపు సెప్పినాడు. నాకు ఎక్కలా. మాయత్త ఇంటికి పోదామంటాండాది. మూన్నెల్ల బిడ్డకు ఎద కోస్తే బతుకుతాడా, ఉన్నన్నాళ్లు నా ఒళ్లో ఉంటాడులే అంటాది. మందులు గూడా వద్దంటాండాది. రెండు గంటల బస్సుకు పోవల్లంట. యాడుండాదో సూస్తే నేను ఏదో ఒకటి సెప్పుకుంటా ఆమెకు."

పిల్లలూ, ఆ మాట విన్నాకనే నాకు ఒళ్లు తెలిసింది. హైదరాబాద్ పోతే సూది గుచ్చుతారు. ఇంటికి పోతే, గడ్డ ఉన్నా లేకపోయినా, ఆ జ్వరానికీ ఆయాసానికీ మందు ఆగిపోతుంది. అలాంటి బిడ్డ రెండు రోజులు తట్టుకోవడం కష్టం.

బొమ్మ తెరిచాను. "ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టబోయాను. వేలు ఆగిపోయింది. మెడ కింద రెండు కాలర్ బోన్లు ఉంటాయి కదా, బిడ్డ తిన్నగా పడుకుంటే రెండూ వెన్నెముకకు సమానదూరంలో కనబడాలి. ఇందులో సమానంగా లేవు. బిడ్డ ఛాతీ మొత్తం కుడివైపు ఒరిగి ఉంది. ప్రక్కటెముకలు లెక్కపెట్టాను. ఊపిరి నిండుగా తీసుకున్నప్పుడు కనబడాల్సినన్ని లేవు. ఊపిరి వదిలేసి, ఛాతీ ముడుచుకుని ఉన్నప్పుడు నొక్కాను. మొదటి ఏడాది విద్యార్థికి చెప్పే పాఠం. నేనే ఎందరికో చెప్పాను.

ఎందుకు ఒరిగాడు? గజ్జెల వైపు తిరిగాడు. ఎందుకు ఊపిరి నిండలేదు? ఏడవలేదు కాబట్టి.

అప్పటికప్పుడు ఆ తల్లికి చెప్పే ధైర్యం నాకు రాలేదు. "ఒంటిగంటన్నర దాకా ఎక్కడికీ పోవద్దమ్మా, నేనొచ్చి చెప్తాను" అన్నాను.

"మాయత్త ఇంటదా?"

"వినకపోతే కూర్చోబెట్టు."

గది ఆయమ్మకు అప్పగించి, ఎండలో రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మెడికల్ కాలేజీకి వెళ్లాను. అనాటమీ పాఠాలు చెప్పే ఒకావిడ అక్కడ నాకు పాత పరిచయం. కాలేజీ మ్యూజియంలో, అవయవాలు దాచిన సీసాల మధ్య కూర్చుని ఒంటరిగా టిఫిన్ తింటుండేది. బిడ్డ ఒరిగితే ఎదలో మామూలుగా ఉండేదేదైనా అలా గడ్డలా కనబడుతుందా అని అడిగాను. విని చెయ్యి కడుక్కుంది.

"ముప్పై ఏండ్లు పసిపిల్లల ఎదలు ఫోటో తీసి, ఇది అడిగేదానికి ఈ పొద్దు వచ్చినావా?"

"వచ్చినా గదా మేడమ్. తిట్టేది తర్వాత తిట్టండి."

"రా ఇట్ల."

మూడో అర దగ్గరకు తీసుకెళ్లింది. ఒక సీసాలో ఐదు నెలలకే పోయిన పిండం. ఛాతీ తెరిచి ఉంది. గుండె పైన లేత గులాబీ రంగులో రెండు చిన్న తునకలు ఆనుకుని ఉన్నాయి. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏ తల్లి బిడ్డో.

"ఇదే థైమస్ గ్రంథి. పుట్టేది ఈడ గాదు, గొంతుకాడ. కడుపొచ్చిన రెండో నెలలోనే కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి మొదలవుతాయి. మెల్లగా కిందికి దిగొచ్చి, ఎదెముక ఎనక, గుండె నెత్తిన కూసుంటాయి. బిడ్డ పుట్టేనాటికి ఇదో, ఇంత." పక్క సీసా చూపించింది. పుట్టిన బిడ్డది. ఆ చిన్న ఛాతీలో అది గుండెతో పోటీ పడేంత ఉంది. "ఒంటితో పోలిస్తే దీని సైజు ఎక్కువగా ఉండేది ఈ వయసులోనే. పది పన్నెండేండ్లు దాటేదాకా ఇది గూడా పెరుగుతాది, కానీ పిల్లోళ్లు ఇంకా బిరీన పెరుగుతారు గదా, అందుకని చిన్నగా కనబడ్తాది. ఆమీదట కరగడం మొదలు. నీకూ నాకూ ఇప్పుడు అక్కడ కొవ్వే."

"ఏం పని చేస్తాది మేడమ్?"

మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టి నన్ను వంగమంది. గదులు గదులుగా ఉంది. ప్రతి గదికీ అంచున నల్లటి చుక్కలు జాతరలో జనంలాగా కిక్కిరిసి ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ పలచన. నడుమ అక్కడక్కడ ఉల్లిగడ్డ అడ్డంగా కోసినట్టు చుట్టలు.

"ఆ చుక్కలన్నీ తెల్లకణాల పిల్లలు. అంచున చేరి లోపలికి పోయేలోపల పాఠం నేర్చుకోవల్ల. మన ఒంటిదేది, బయటి నుంచి వచ్చిన రోగమేది అని. శానామంది తప్పుతారు. పాసైనోళ్లే బయటికొచ్చి మనల్ని కాస్తారు."

"తప్పినోళ్లకు మళ్లీ పరీక్ష లేదా?"

"లేదు. అక్కడే ముగిసిపోతారు." ఆమె ఒక్కక్షణం నవ్వి మళ్లీ గంభీరమైంది. "ఇది మెత్తగుంటాది, తెలుసునా. ప్రక్కటెముక ఒత్తితే అంచు అలలు అలలుగా అయితాది. బిడ్డ ఒరిగితే ఆ పక్కకు జారి కనబడ్తాది. ఊపిరి ఇడిస్తే ఎడల్పయితాది, నిండుగా పీలిస్తే సన్నబడ్తాది. గడ్డ అట్ల చెయ్యదు. గాలిగొట్టాన్ని పక్కకు నెడ్తాది."

"అయితే ఈ బిడ్డది థైమసే అంటారా?"

"నేను అనను. నేను సీసాల డాక్టర్ని, బతికున్న బిడ్డకు సంతకం పెట్టేదాన్ని గాదు. నిజంగా గడ్డే అయి ఉండొచ్చు. బిడ్డను తిన్నగా పండబెట్టి, ఊపిరి నిండుగా ఉన్నప్పుడు ఇంకొకటి తియ్యి. ఆ బొమ్మ చెప్తాది."

పసిబిడ్డకు ఊపిరి పీల్చమని చెబితే పీలుస్తాడా? గుక్కపెట్టి ఏడ్చి, ఆ ఏడుపు చివర మళ్లీ ఊపిరి లాగుతాడు చూడండి, అప్పుడే ఛాతీ నిండుతుంది. అంటే ఏడిపించాలి.

కుర్ర డాక్టరు వార్డులో కాగితాలు రాసుకుంటున్నాడు. ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"సార్, పొద్దున ఆ బిడ్డ ఎక్స్‌రే తప్పుగా తీశాను. మళ్లీ తీయాలి. చీటీ రాయండి."

ఆయన తలెత్తి చూశాడు. "మీరా? తప్పుగానా? ఏం మాట్లాడుతున్నారు మేడమ్, హైదరాబాద్‌కు ఫోన్ కూడా చేసేశాను."

"కాలర్ బోన్లు చూడండి. ప్రక్కటెముకలు లెక్కపెట్టండి."

చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కూడా అవి చూడకుండానే నీడ మీదికి పోయాడని ఇద్దరికీ అర్థమైంది.

"అయినా గడ్డ కాదని చెప్పలేం. పసిబిడ్డకు ఊరికే రెండోసారి ఎక్స్‌రే పెట్టకూడదు కదా. పైగా పెద్ద సార్ లేరు. రేపు ఏమన్నా అయితే..."

"ఊరికే కాదు సార్. నా తప్పు దిద్దుకోవడానికి. మొదటిది పనికిరాదని నా పేరుతో కేసు షీట్లో రాయండి. అడిగితే నేను చెప్పుకుంటాను."

"మీకు రిటైర్మెంట్ దగ్గరపడింది మేడమ్. ఇప్పుడు ఇది అవసరమా?"

నేను గొంతు పెంచే మనిషిని కాదని మీకు తెలుసు. అప్పుడూ పెంచలేదు. బల్ల ముందు నుంచి కదల్లేదు, అంతే. నర్సొకామె వచ్చి సంతకం అడిగి వెళ్లింది. ఇంకొకామె వచ్చి వెళ్లింది. నేను ఉన్నాను. చివరికి చీటీ రాసి, కింద "మొదటి ఎక్స్‌రేలో పొజిషన్ సరిగా లేదు" అని తనే రాసి ఇచ్చాడు. నా పేరు రాయలేదు.

అప్పటికి ఒంటిగంట నలభై. వార్డులో బిడ్డ మంచం ఖాళీ.

చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తానంటే నమ్మండి. మోకాళ్లు అప్పటికే నొప్పులు. ఆసుపత్రి గేటు బయట ఆటో స్టార్టయి ఉంది. జేజి లోపల కూర్చుని బిడ్డను ఒళ్లో పెట్టుకుంది. కోడలు ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేలమీద పెట్టి ఏడుస్తోంది. ఆటో కమ్మీ పట్టుకున్నాను.

"ఏమ్మా, ఇంకా ఏం కావల్ల?" అంది జేజి. "కోసేదానికి మేము ఒప్పుకోం. ఇడిసిపెట్టు."

"కోయడానికి కాదక్కా. ఇంకొక్క ఎక్స్‌రే."

"పొద్దున తీస్తివి గదా!"

"తప్పు తీశాను."

"ఏందీ?"

"తప్పు తీశాను. బిడ్డ ఒరిగి ఉంటే చూసుకోలేదు. అందుకే గడ్డలాగా పడిందేమోనని అనుమానం. నిజంగా గడ్డ ఉంటే ఉండొచ్చు, లేదని నేను చెప్పడం లేదు. కానీ నా తప్పు బొమ్మ చూసి మీరు బిడ్డను తీసుకుపోవద్దు. మంచి బొమ్మ చూసి, అప్పుడు మీ ఇష్టం."

ఆటో అబ్బాయి ఇంజన్ ఆపేశాడు. జేజి నన్ను పైనుంచి కిందికి చూసింది. చేతిలో చెప్పులు కూడా చూసింది.

"నాకు అరవై దాటినాయి. ఎమ్మార్వో ఆపీసుకు తిరిగినా, కరెంటు ఆపీసుకు తిరిగినా, బ్యాంకులో నిలబడినా. తప్పు నాదే అని సెప్పిన ఆపీసు మనిషిని ఈ పొద్దే సూస్తాండా." కోడలి వైపు తిరిగింది. "కాలు బయట పెట్టు మేయ్, నేను దిగల్ల గదా."

గదిలో ఆయమ్మ అలవాటుగా గజ్జెల దగ్గరికి పోయింది.

"వద్దు. వాటిని విప్పేయ్" అన్నాను.

"ఇప్పి?"

"బిడ్డ ఏడవాలి."

"ఓయమ్మా, గజ్జెల మేడమ్ బిడ్డల్ని ఏడిపిచ్చే కాలమొచ్చిందా!"

కిరణాలు తగలకుండా తల్లికీ ఆయమ్మకూ సీసపు కోట్లు తొడిగి, బిడ్డ చేతులు రెండూ చెవుల పక్కగా తిన్నగా పట్టుకోమన్నాను. ఆయమ్మ కాళ్లు పట్టుకుంది. తల, ఎదెముక, బొడ్డు ఒకే వరుసలో ఉన్నాయో లేదో రెండుసార్లు చూశాను. అంతా సరిగ్గా ఉంది. వాడు మాత్రం ఏడవడం లేదు. ఆయమ్మ కళ్లు ఉరిమింది. వాడు నవ్వాడు. నాలుక బయటపెట్టింది. ఇంకా నవ్వాడు. తడిగుడ్డతో అరికాలు తుడిచాను. ముఖం ముడిచి మళ్లీ ఊరుకున్నాడు.

"తప్పుకోండి" అంది జేజి. సీసపు కోటు తొడిగించుకుని ముందుకొచ్చి, బిడ్డ అరికాలి మీద వేలితో టప్పున కొట్టింది. వాడు నమ్మలేనట్టు జేజిని చూశాడు. ఇంకొకటి కొట్టింది. ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. వాడు నోరు తెరిచాడు.

ఏం ఏడుపది! గది అద్దాలు అదిరాయి. నేను అద్దం వెనక బటన్ మీద వేలు పెట్టి వాడి ఛాతీనే చూస్తున్నాను. ఏడుపు సాగింది, సాగింది, సన్నబడింది, ఆగింది. మరుక్షణం వాడు ఊపిరి లాగాడు. డొక్కలు పైకి లేచాయి. నొక్కాను.

కుర్ర డాక్టరు అప్పటికే కంప్యూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. బొమ్మ వచ్చింది. కాలర్ బోన్లు సమానం. ప్రక్కటెముకలు లెక్కకు సరిపోయాయి. పొద్దున తెరచాపలా ఉన్న నీడ సన్నబడి గుండె నెత్తిమీదికి సర్దుకుంది. అంచు అలలు అలలుగా ఉంది. గాలిగొట్టం నడుమనే ఉంది. ఇంకొకటి కూడా కనబడింది. కుడి ఊపిరితిత్తి అడుగున మసకగా ఒక మచ్చ. పొద్దున ఛాతీ ముడుచుకుపోయి అది దాక్కుంది.

"నిమోనియా" అన్నాడు డాక్టరు. ఆ మచ్చ మీద వేలు పెట్టాడు. "అసలు జబ్బు ఇది."

అయినా ఆయన అంతటితో వదల్లేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. బిడ్డను తనే ఎత్తుకుని స్కానింగ్ గదికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ ఎదెముక పక్క నుంచి చూసి, గుండె కొట్టుకున్నప్పుడల్లా అది మెత్తగా కదులుతోందని, లోపలంతా థైమస్‌కు ఉండాల్సిన తీరులోనే ఉందని చెప్పింది. ఐదు గంటలకు హైదరాబాద్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాడు. నిమోనియా మందు అప్పటికే మొదటి మోతాదు పడింది. మరుసటి వారం పెద్ద డాక్టరు వచ్చి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. నన్ను పిలిపించాడు. తిడతాడనుకుని వెళ్లాను. తిట్టాడు కూడా. మొదటిది చూడకుండా ఎలా పంపావని. తర్వాత ఆ రెండు బొమ్మలనూ కొత్తగా వచ్చే డాక్టర్లకు చూపించడానికి దాచిపెట్టుకుంటానన్నాడు. తిట్టిందానికంటే అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

నేను తీసిన బొమ్మ బాగుందో లేదో నేనే చూసి, బాగాలేకపోతే నేనే చెప్పాలి. వరండాలో ఎంతమంది ఉన్నా సరే. ఆ మిగిలిన కొద్ది నెలలూ అలాగే చేశాను. నా గదిలోంచి ఏడుపులు వినబడుతుంటే బయట కూర్చున్నవాళ్లు గొణుక్కునేవాళ్లు. నువ్వూ రేపు ఆ గొణుగుడు వినాల్సి వస్తుంది తల్లీ. విను. బటన్ మాత్రం ఊపిరి నిండాకే నొక్కు.

ఆ బిడ్డను ఎనిమిదో రోజు ఇంటికి పంపించారు. జేజి వాణ్ని చంకనేసుకుని నా గదికొచ్చింది.

"ఆ గడ్డ... గాదులే, ఆ పేరేందో, అది వానికి ఉండాది గదా?"

"ఉంది. ఉండాలి కూడా."

"ఎన్నాళ్లుంటాది?"

"పదేళ్లు పైబడేదాకా పెరుగుతుంది. తర్వాత మెల్లగా కరిగిపోతుంది. ఆలోపల దాని పని అది చేసేస్తుంది."

"సర్లే. అది దాని పని సేస్తాది, నేను నా పని సేస్తా" అని, వాడు నా కళ్లజోడు పీకబోతుంటే చెయ్యి లాగేసింది.

వాడికి కోపమొచ్చింది. నోరంతా తెరిచి అందుకున్నాడు. వరండా చివర మలుపు తిరిగేదాకా, మెట్లు దిగేదాకా, గేటు దాటేదాకా ఏడుస్తూనే పోయాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. నేను తలుపు తీసిపెట్టి వినబడినంతసేపూ విన్నాను.